ఒకే డబ్బాలో ఉన్న రాగి నాణేలకు ఇన్ని రంగులెందుకు?

ముషీరాబాద్ వాసి:
అందరికీ నమస్కారం. మా తాతగారి పాత బీరువా ఖాళీ చేస్తుంటే రాగి, కంచు నాణేలున్న రేకు డబ్బా ఒకటి దొరికింది. ఏ రెండు నాణేల రంగూ ఒకటి కాదు. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న 1862 పావు అణా ముదురు గోధుమ రంగులో నున్నగా మెరుస్తోంది. కొన్ని చిల్లు కానీలు రబ్బరు బ్యాండుతో కట్టి ఉన్నాయి, అవి దాదాపు నల్లబడ్డాయి. 1957 నయాపైసాలు ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి, వాటిమీద జిగటగా ఆకుపచ్చ పొర ఉంది. గుర్రం బొమ్మ ఉన్న 1950 పైసా ఒకటి కాగితంలో చుట్టి ఉంది, అందులో ఇంకా ఎరుపు కనిపిస్తోంది. చివరిది నిజాం కాలపు రెండు పైల నాణెం, తుగ్రా (అలంకారంగా అల్లినట్టు చెక్కిన రాత) ఉన్నది. దానిమీద మాత్రం లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా ఉంది, గోరు తగిలితే రాలుతోంది.

అన్నింటిలోనూ ఉన్నది ప్రధానంగా రాగే కదా, మరి ఇంత తేడా ఎందుకు? మా మేనత్త చింతపండుతో తోమేయమంటున్నారు. అందుకు మనసు ఒప్పక ఇక్కడ అడుగుతున్నాను.

రాగిచెంబు:
మీ మేనత్తగారి మాటలో తప్పేమీ లేదండి. చింతపండు, కాస్త ఉప్పు కలిపి రుద్ది, నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిస్తే తళతళలాడతాయి. మా ఇంట్లో రాగి బిందెలు, పంచపాత్రలు అన్నీ అలాగే తోముతాం. మా అమ్మమ్మ నాటి చెంబు నేటికీ వాడుతున్నాను, దానికేమీ కాలేదు.

పాత నాణేల ప్రేమికుడు:
దయచేసి తోమకండి! విక్టోరియా పావు అణా మీదున్న గోధుమ రంగు మురికి కాదు. ఆ రంగు రావడానికి నూట అరవై ఏళ్లు పట్టింది. ఒక్కసారి తోమితే మళ్లీ తెచ్చుకోలేరు. తోమిన నాణేన్ని సేకరించేవాళ్లు చూడగానే పట్టేస్తారు. గులాబీ ఛాయలో, జీవం లేకుండా, గీతలతో ఉంటుంది. ధర సంగతి పక్కన పెట్టినా, నాణేనికి జరిగే నష్టం శాశ్వతం.

రసాయన శాస్త్రం టీచర్:
ఇద్దరి మాటల్లోనూ పట్టుకోవలసిన విషయం ఉంది. ముందు అసలు ప్రశ్నకు వస్తాను.

టంకశాల నుంచి బయటికొచ్చిన నాణెం గులాబీ ఎరుపులో ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగలగానే కంటికి కనపడనంత పలుచగా క్యూప్రస్ ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని రంగు ఎరుపు. ఆ పొర మందమయ్యేకొద్దీ నాణెం ఎర్ర గోధుమకు, తర్వాత ముదురు గోధుమకు మారుతుంది. ఆక్సీకరణం ఇంకా ముందుకు సాగితే నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్ కూడా చేరుతుంది. చేతులు మారేకొద్దీ అంటిన నూనె ఆ గోధుమ రంగుకు నునుపు తెస్తుంది. మీ పావు అణా కథ ఇదే. కాగితంలో చుట్టిన గుర్రం పైసాకు గాలి, చేతి చెమట తక్కువగా తగిలాయి కాబట్టి దాని ఎరుపు కొంత మిగిలింది.

ఇనుముకూ రాగికీ తేడా ఇక్కడే ఉంది. ఇనుము తుప్పు పొలుసులుగా ఊడిపోతూ లోపలి లోహాన్ని మళ్లీ గాలికి అప్పగిస్తుంది. రాగి ఆక్సైడ్ లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. పొర పెరిగేకొద్దీ ఆక్సిజన్‌కు లోపలికి దారి తగ్గి, చర్య తనంతట తానే నెమ్మదిస్తుంది. పాత రాజులు దానశాసనాలు చెక్కించడానికి ఇనుమును కాక రాగి రేకులను ఎంచుకోవడం మనకు మేలైంది. తూర్పు చాళుక్యుల తామ్ర శాసనాలను ఈనాటికీ అక్షరం అక్షరం చదవగలుగుతున్నాం.

నలుపుకు ఆక్సైడ్ ఒక్కటే కారణం కాదు. గంధకం తగిలితే రాగి సల్ఫైడ్ తయారవుతుంది, అదీ నలుపే. మీ చిల్లు కానీలను కట్టిన రబ్బరు బ్యాండును గమనించండి. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. బ్యాండు ఆనిన చోట నల్లటి చార ఇంకా ముదురుగా ఉండాలి, చూసి చెప్పండి.

ముషీరాబాద్ వాసి:
చూశాను టీచర్ గారూ. మీరన్నట్టే పైనున్న నాణెం మీద అడ్డంగా కాటుక గీసినట్టు చార ఉంది. మరి ఆకుపచ్చ సంగతి?

ట్యాంక్‌బండ్ పక్కింటి వాడు:
గంధకం మాట వచ్చింది కాబట్టి ఒక అనుభవం. మా ఇల్లు హుస్సేన్‌సాగర్‌కు దగ్గర. ఎండాకాలంలో నీటి మట్టం తగ్గి కుళ్లు వాసన వచ్చినప్పుడు మా ఇంట్లో వెండి కుందులు మామూలుకంటే త్వరగా నల్లబడతాయి. రాగి పళ్లెం కూడా మసకబారుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ పనే అనుకుంటాను. మురుగు కాలువల దగ్గర ఉండేవాళ్లు నాణేలను గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోవడం మంచిది.

రసాయన శాస్త్రం టీచర్:
అవునండి, కుళ్లిన నీటి వాసనలో ఉండేది ఆ వాయువే. గాలిలో అతి స్వల్పంగా ఉన్నా వెండి, రాగి రెండూ దాన్ని పట్టేస్తాయి.

ఇక ఆకుపచ్చ. మన ఇళ్లలో దాన్ని చిలుము అని ఒక్కమాటతో తేల్చేస్తాం కానీ, అందులో చాలా పదార్థాలున్నాయి. తేమ, బొగ్గుపులుసు వాయువు కలిసి పనిచేస్తే క్షార కార్బొనేట్ వస్తుంది. మలాకైట్ అనే పచ్చరాయి కూడా ఇదే పదార్థం. దాని దగ్గరి బంధువు అజురైట్ నీలంగా ఉంటుంది. నగరాల పొగలోని గంధక ఆమ్లాలు తగిలితే క్షార సల్ఫేట్ వస్తుంది. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ పచ్చదనం ప్రధానంగా ఇదే. 1886లో ఆవిష్కరించినప్పుడు అది రాగి రంగులోనే ఉంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో పూర్తిగా పచ్చబడింది. మధ్యలో, 1906లో, దానికి రంగు వేయించాలన్న ఆలోచన వచ్చింది. జనం గట్టిగా వ్యతిరేకించారు, ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఆ రాగి రేకు మందం 2.4 మిల్లీమీటర్లే. అంత పలుచని రేకు సముద్రపు గాలిలో ఇంతకాలం నిలిచిందంటే ఆ పచ్చ పొరే కారణం.

పులుపు తగిలితే వచ్చే చిలుము వేరు. వెనిగర్ ఆవిరికి రాగి అసిటేట్ తయారవుతుంది. చివరిది, అన్నింటికంటే ప్రమాదకరమైనది, క్లోరైడ్. అంటే ఉప్పులో ఉండేది.

ముషీరాబాద్ వాసి గారూ, వానలో నిలబడే విగ్రహం వేరు, ఇంట్లో డబ్బాలో ఉండే నాణెం వేరు. ఇంట్లోని నాణెం విగ్రహంలా పచ్చబడదు. డబ్బాలోని నాణెం పచ్చబడిందంటే దానికి ఏదో తగిలిందని అర్థం. తేమ, చెమట, పులుపు, ప్లాస్టిక్, వీటిలో ఏదో ఒకటి.

మ్యూజియం పనివాడు:
చర్చ బాగుంది. నేను లోహ వస్తువుల సంరక్షణ పని చేస్తాను. నయాపైసాల గురించి ముందు చెబుతాను, అది తేలిక.

మెత్తగా వంగే ప్లాస్టిక్ కవర్లు చాలావరకు పీవీసీతో చేసినవి. దాన్ని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కాలక్రమంలో బయటికి కారుతుంది. పీవీసీ కూడా విడిపోతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ రెండింటి ఫలితమే మీరు చెప్పిన జిగట పచ్చ. స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు నానబెడితే ఆ జిగట కరిగిపోతుంది. అసిటోన్ లోహాన్ని, ఆక్సైడ్ పొరను ముట్టుకోదు. గోళ్ల రంగు తుడిచే ద్రావణం వాడకండి, అందులో సువాసనలు, నూనెలు కలుపుతారు. కిటికీలు తెరిచి, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ లేకుండా చూసుకుని, గాజు గిన్నెలో చేయండి. అసిటోన్‌కు ఇట్టే మంట అంటుకుంటుంది. ఆ కవరు పారేయండి. పాలిస్టర్ కవర్లు తెచ్చుకోండి, అవి గలగలమంటాయి, మెత్తగా వంగవు.

నన్ను కలవరపెడుతున్నది నిజాం నాణెం. లేత పచ్చ, పొడిపొడిగా, చుక్కల్లో, గోటికి రాలడం. ఇవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. గట్టిగా, నున్నగా, లోహానికి అతుక్కున్న ముదురు పచ్చ అయితే దిగులు అక్కర్లేదు. పొడిగా రాలే లేత పచ్చ అయితే దాన్ని మేము కంచు రోగం అంటాం. ఒక విషయం చెప్పండి, ఆ నాణెం ఎక్కడ ఉండేది? ఎప్పుడైనా భూమిలో గానీ నీళ్లలో గానీ ఉందా?

ముషీరాబాద్ వాసి:
అమ్మను అడిగాను. దాన్ని నాయనమ్మ వరలక్ష్మీ వ్రతం కలశంలో వేసేవారట. ఏటా అదే నాణెం. పూజ అయ్యాక తీసి పసుపు కుంకుమలతోనే డబ్బాలో దాచేవారట. కలశం మీద కొట్టిన కొబ్బరికాయ నీళ్లు దానిమీదే పడేవని అమ్మ అంటోంది.

మ్యూజియం పనివాడు:
అయితే కారణం దొరికినట్టే. కొబ్బరి నీళ్లలో క్లోరైడ్ లవణాలు బాగా ఉంటాయి. పైన ఎండిపోయినా అవి లోహపు సందుల్లో ఉండిపోతాయి.

లోపల జరిగేది ఇది. క్లోరైడ్ రాగితో కలిసి క్యూప్రస్ క్లోరైడ్ అవుతుంది. అది బూడిద రంగులో మైనంలా ఉండి, ఆక్సైడ్ పొర కింద నక్కి ఉంటుంది. పొడి వాతావరణంలో కదలదు. తేమ, ఆక్సిజన్ అందితే లేత పచ్చ క్షార క్లోరైడ్‌గా మారుతూ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కొత్త రాగిని తింటుంది, మళ్లీ క్యూప్రస్ క్లోరైడ్ తయారవుతుంది, మళ్లీ తేమ కోసం కాచుకుంటుంది. ఒకప్పుడు దీన్ని సూక్ష్మజీవుల వల్ల వచ్చే రోగమనుకున్నారు. 19వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెర్తెలో, ఇది క్లోరైడ్ నడిపే చక్రమని వివరించాడు. టీచర్ గారు చెప్పిన కాపాడే పొర ఇక్కడ పనిచేయదు. చర్య దాని కిందే జరుగుతుంది, అడుగునుంచి లేచి దాన్ని పగలగొడుతుంది.

గాలిలో తేమ 40 శాతం లోపు ఉంటే ఈ చక్రం దాదాపు ఆగిపోతుంది. మన హైదరాబాదులో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు అంత పొడిగా ఉంటాయి కాబట్టి నాణెం బాగున్నట్టే కనిపిస్తుంది. జూలై, ఆగస్టు వచ్చేసరికి తేమ 70 శాతం దాటుతుంది, చుక్కలు లేస్తాయి. వేసవిలో చూసి ‘నయమైంది’ అనుకుని మళ్లీ డబ్బాలో పడేసేవాళ్లు చాలామంది.

నిర్ధారించుకోవడానికి ఒక పరీక్ష. మెత్తటి పుల్లతో పొడి దులిపేయండి. మూత ఉన్న గాజు సీసాలో తడి దూది పెట్టి, నీళ్లు తగలకుండా ఎత్తుగా చిన్న మూత మీద నాణెం ఉంచి, రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి తాజా లేత పచ్చ చుక్కలు వస్తే రోగం బతికే ఉన్నట్టు.

రాగిచెంబు:
మీరంతా చెప్పేది వింటుంటే భయమేస్తోంది. మరి మా బిందెలకు ఇన్నేళ్లుగా ఏమీ కాలేదే? వాటికీ ఉప్పు చింతపండే కదా వాడేది?

రసాయన శాస్త్రం టీచర్:
చాలా మంచి ప్రశ్న అడిగారు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ కరిగిన రాగిని పట్టుకుని ఆ పనిని త్వరపెడుతుంది. బిందె విషయంలో ఇబ్బంది లేదు. దాని ఉపరితలం నున్నటిది, తోమిన వెంటనే పుష్కలంగా నీళ్లు పోసి కడుగుతారు, రోజూ వాడతారు, మళ్లీ తోముతారు. ఉప్పు నిలవదు. ప్రతిసారీ కాస్త లోహం పోతుంది, కానీ బిందె మందానికి అది లెక్కలోకి రాదు. తాగే నీళ్ల పాత్రకు చిలుము లేకుండా చూసుకోవడం ఆరోగ్యం దృష్ట్యా అవసరం కూడా. మీ అలవాటు సరైనదే, కొనసాగించండి.

నాణెం పాత్రలాంటిది కాదు. అక్షరాల మూలల్లో, అంచు గాడిలో, పాత పొర రంధ్రాల్లో ఉప్పు చిక్కుకుంటుంది. ఒక్కసారి కడిగితే రాదు. పైగా నాణెం మీది గోధుమ పొర బయటినుంచి వచ్చి పడినది కాదు, ఆ నాణెపు రాగే అలా మారింది. తుగ్రాలోని సన్నటి గీతల చివరలు ఇప్పుడు ఆ పొరలోనే ఉన్నాయి. పొరను కరిగిస్తే గీతలూ వెళ్లిపోతాయి.

రాగిచెంబు:
ఇప్పుడు అర్థమైంది. అయినా ఒక్క మాట చెప్పాలనిపిస్తోంది. పూజలో వాడే నాణేన్ని శుభ్రం చేయకుండా కలశంలో వేయడం మావల్ల కాదు. సేకరణ నాణేలు వేరు, పూజ నాణెం వేరు. పూజకు కొత్త రాగి నాణెం ఒకటి కొని పెట్టుకుని తోముకుంటాం, పాతదాన్ని మీరు చెప్పినట్టు దాస్తాం.

పాత నాణేల ప్రేమికుడు:
మీ ఏర్పాటు చాలా నచ్చిందండి, నేను కూడా మా ఇంట్లో చెబుతాను.

లోహం గురించి ఒక చేర్పు. ముషీరాబాద్ వాసి గారి నాణేలన్నీ అచ్చమైన రాగి కావు. బ్రిటిష్ ఇండియా పావు అణా 1906 దాకా రాగి, ఆ తర్వాత కంచు. రాగి 95 పాళ్లు, తగరం 4, జింకు 1. ఆయన దగ్గరున్న చిల్లు కానీలు (1943 నుంచి 1947 దాకా వచ్చినవి), 1950 పైసా, 1957 నయాపైసా అన్నీ కంచే. 1962లో నయాపైసాను నికెల్ ఇత్తడికి మార్చారు, అందుకే ఆ తర్వాతివి పసుపుగా ఉంటాయి. తగరం కలిసిన లోహం త్వరగా అరగదు, రంగు కూడా కాస్త పసుపు వైపు మొగ్గుతుంది.

నిజాం నాణేల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్లు సైఫాబాద్ పాత టంకశాలకు వెళ్లండి. 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలైన హైదరాబాద్ టంకశాల 1903లో అక్కడికి మారింది. 1997లో చర్లపల్లికి తరలింది. పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో శాతవాహనుల నాణేలు కూడా చూడొచ్చు. కోటిలింగాల, పెద్దబంకూరు తవ్వకాల్లో బయటపడిన నాణేలు మన ప్రాంత చరిత్రకే ఆధారాలు.

కొత్త సేకర్త:
చార్మినార్ చుట్టుపక్కల బండ్ల మీద ముదురు పచ్చ నాణేలు ‘తవ్వకాల్లో దొరికినవి’ అంటూ చూపిస్తారు. ఆ పచ్చ నిజమా కాదా ఎలా తెలుసుకోవాలి?

పాత నాణేల ప్రేమికుడు:
నిజమైన పచ్చ పొర పొరలుగా ఉంటుంది. భూతద్దంతో అంచు చూస్తే పచ్చ కింద ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ కనిపిస్తుంది. కృత్రిమంగా తెచ్చినది నేరుగా మెరిసే లోహం మీదే కూర్చుంటుంది, గుంటల్లో ముద్దగా, మిట్టల మీద పలుచగా. రంగు పూసినదైతే అసిటోన్ దూదికి అంటుతుంది. అమ్మోనియా ఆవిరితో తెచ్చిన నీలిపచ్చ కాస్త ఎక్కువ ముచ్చటగా, అంతటా ఒకేలా ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది: నిజంగానే తవ్వకంలో దొరికినదైతే కొనకండి. భూమిలో దొరికిన నిధుల గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. ఏ గుంటలో, ఏ పొరలో, వేటితో కలిసి దొరికిందన్న సమాచారం పోతే ఆ నాణెం చరిత్రకు సగం మూగబోయినట్టే.

ముషీరాబాద్ వాసి:
పరీక్ష చేశాను. తెల్లవారేసరికి తుగ్రా పక్కన నాలుగైదు చోట్ల తాజా చుక్కలు లేచాయి. మిగతా నాణేల్లో ఏదీ మారలేదు. నాయనమ్మ చేతి నాణెం కదా, మనసు చివుక్కుమంది. దీన్ని కాపాడటానికి ఏం చేయాలి?

మ్యూజియం పనివాడు:
దిగులు పడకండి, తొలి దశలోనే చూశారు. ముందుగా దాన్ని మిగతావాటి నుంచి వేరు చేయండి. అంటువ్యాధి కాదు గానీ, రాలిన పొడిలో క్లోరైడ్ ఉంటుంది, అది పక్క నాణెం మీద పడకూడదు.

ఇంట్లో నిశ్చింతగా చేయగలిగిన పని డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టడం. బ్యాటరీలకు పోసే నీళ్లు పనికొస్తాయి, సీసా మీద వేరే ఏదీ కలపలేదని చూసుకోండి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వద్దు, వాటిలోనే క్లోరైడ్ ఉంటుంది. వారానికోసారి నీళ్లు మార్చండి. ఓపిక కావాలి, నెలలు పట్టొచ్చు.

దానికీ లొంగకపోతే వాషింగ్ సోడా, తినే సోడా సమపాళ్లలో కలిపి 5 శాతం ద్రావణంలో నానబెట్టే పద్ధతి ఉంది. క్షారం ఆ ఆమ్లాన్ని చంపుతుంది, క్లోరైడ్‌ను బయటికి లాగుతుంది. అయితే పాత పొర రంగు కొద్దిగా మారే అవకాశం ఉంది, అందుకే దాన్ని రెండో మెట్టుగా చెబుతాను. బెంజోట్రయజోల్ అనే రసాయనం 1960ల చివరినుంచి ప్రయోగశాలల్లో వాడుతున్నాం. అది రాగిని పట్టుకుని సన్నటి పొరగా ఏర్పడి తేమను అడ్డుకుంటుంది. విషపదార్థం, ఇంట్లో వద్దు. అవసరమైతే సంరక్షణ నిపుణుల చేతికి ఇవ్వండి.

రసాయన శాస్త్రం టీచర్:
నానబెట్టిన నీళ్లలో క్లోరైడ్ ఇంకా వస్తోందా లేదా తెలుసుకునే దారి ఉంది. ఆ నీళ్లు కొద్దిగా పరీక్షనాళికలో తీసుకుని, ఒక చుక్క పలుచటి నైట్రిక్ ఆమ్లం, తర్వాత ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయాలి. తెల్లగా మసకబారితే క్లోరైడ్ ఉన్నట్టే. ఆమ్లం చుక్క మానొద్దు. సోడా ద్రావణంలోని కార్బొనేట్ కూడా తెల్లటి అవక్షేపమే ఇచ్చి మోసం చేస్తుంది. మీకు తెలిసిన ఇంటర్ కళాశాల ప్రయోగశాల ఉంటే అక్కడ చేయించండి. ఈ రసాయనాలు ఇంట్లో పెట్టుకోవలసినవి కావు.

ముషీరాబాద్ వాసి:
మా చెల్లెలు ఇంటర్ రసాయన శాస్త్రం చెబుతుంది, తనతో చేయిస్తాను. మరి నానబెట్టడం పూర్తయ్యాక? ఈ వానాకాలంలో ఎక్కడ దాచాలి? ఇంట్లో చెక్క పెట్టె ఒకటి ఉంది.

మ్యూజియం పనివాడు:
చెక్క పెట్టె వద్దు. చెక్కనుంచి, ముఖ్యంగా కొత్త చెక్క, ప్లైవుడ్‌ల నుంచి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిరి వస్తుంది. రాగికి అది పడదు, సీసపు నాణేలనైతే ఏకంగా తెల్లటి పొడి చేసేస్తుంది. రబ్బరు, ఉన్ని గుడ్డ, చౌక అట్టపెట్టె కూడా దూరంగా పెట్టండి.

నీళ్లలోంచి తీశాక మెత్తటి నూలు గుడ్డతో అద్ది, అసిటోన్‌లో ఒకసారి ముంచి తీయండి, లోపలి తడి వెళ్లిపోతుంది. తర్వాత పాలిస్టర్ కవరులో పెట్టి, రబ్బరు వాసన రాని బిగుతు మూత డబ్బాలో ఉంచండి. అందులో సిలికా జెల్ పొట్లాలు వేయండి. రంగు మారే గింజలు ఉన్నవి కొనండి, తేమ పట్టిందో లేదో చూడగానే తెలుస్తుంది. తేమ పట్టినవాటిని వేడి చేస్తే తిరిగి పనిచేస్తాయి. చిన్న తేమ కొలిచే పరికరం ఒకటి పెడితే ఇంకా మంచిది, 40 దాటనివ్వకండి. నాణేన్ని పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి. చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర రాగి మీద చెక్కినట్టు మిగిలిపోతుంది.

వానాకాలమంతా నెలకోసారి భూతద్దంతో తుగ్రా చుట్టూ చూడండి. పచ్చ పొడి మళ్లీ కనిపిస్తే ఫొటో తీసి ఇక్కడే పెట్టండి.

ముషీరాబాద్ వాసి:
అలాగే సార్. డిస్టిల్డ్ నీళ్లు తెచ్చాను, నాణెం నానబెట్టేశాను. రబ్బరు బ్యాండు తీసి పారేశాను. పావు అణాను, గుర్రం పైసాను ముట్టుకోలేదు.

కొత్త సేకర్త:
నయాపైసాలకు అసిటోన్ ఎక్కడ దొరుకుతుంది?

ముషీరాబాద్ వాసి:
ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణాల్లో అడిగితే ఇస్తారని మా చెల్లెలు చెప్పింది. చిన్న సీసా చాలు, మూత బిగించి పిల్లలకు అందకుండా పెట్టమంది.